బెహిజోర్ సందు స్వభావం

లిల్యా పాక్ మొదటిసారి మా సందులోకి వచ్చిన రోజు నేను ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు మనసు తేలికపడుతుంది.

తాష్కెంటు పాతబస్తీలో బెహిజోర్ మా మహల్లా, అంటే మా పేట. పెద్ద రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగితే మా సందు. రెండు వైపులా మట్టిగోడలు, గోడ పక్కన పిల్లకాలువ, ప్రతి తలుపు వెనకా ద్రాక్ష పందిరి వేసిన వాకిలి. మా ఇల్లు మూడోది. మా ఆయన తుర్గున్ వాళ్ళ నాన్న కట్టిన తందూరు వాకిలి మూలలో ఉండేది. గోడకి ఒక కిటికీ కొట్టించాం. తుర్గున్ పిండి కలిపి రొట్టెలు తందూరు గోడకి అంటించేవాడు. నేను వాటి మీద ముద్రలు వేసి, నువ్వులు చల్లి, కాలాక కిటికీలోంచి అమ్మేదాన్ని. పొద్దున ఐదు గంటలకల్లా కిటికీ ముందు జనం ఉండేవారు. రొట్టెల కోసం సగం మంది వస్తే మిగతా సగం నా నోటి కోసం వచ్చేవారని మా మహల్లా పెద్ద హోషిమ్ అకా అంటుండేవాడు. మా వైపు అన్నని అకా అనీ అక్కని ఆపా అనీ పిలుస్తాం.

మేమొక్కళ్ళమే కాదు. మా ఎదురింట్లో నెమత్ బీరువాలూ మంచాలూ చేసేవాడు. ఇద్దరు బట్టలు కుట్టేవాళ్ళు, ఒక మంగలి, చెప్పులు బాగుచేసే ముసలాయన, పిల్లలకి లెక్కలు చెప్పే టీచరమ్మ ఉండేవారు. ఇంట్లోనే పని, పని దగ్గరే ఇల్లు. అదొక విశేషమని మాకెవరికీ తోచలేదు. ఊపిరి పీలుస్తున్నామని ఎవరైనా ఊళ్ళో చెప్పుకుంటారా?

ఆ వసంతంలో హోషిమ్ అకా చాయ్‌ఖానా గోడకి ఒక పెద్ద పటం అంటించాడు. నగరానికి కొత్త ప్రణాళిక వేస్తున్నారు, ఇది ముసాయిదా అన్నాడు. పటంలో మా సందంతా పసుపు రంగు. పసుపంటే నివాసాలు మాత్రమే అని కింద రాసి ఉంది. రోడ్డుకి అవతల ఎర్ర రంగు గడి ఒకటి. దుకాణాలూ పనిశాలలూ అన్నీ అక్కడ కట్టబోయే వ్యాపార భవనంలోకి పోవాలి. మా సందు మొగలో, రోడ్డు వైపున, పదహారంతస్తుల భవనాలు.

"అంటే రొట్టెల కోసం ఇక పెద్ద రోడ్డు దాటి వెళ్ళాలా?" అంది కుట్టుపని చేసే సలోమత్.

"రొట్టెలేమిటి, గుండీ ఊడినా దాటాలి," అన్నాడు నెమత్. "నువ్వూ అక్కడే ఉంటావుగా మరి."

పటం గీసింది ఎక్కడో దూరాన ఉన్న ఒక కంపెనీ. ఆకాశంలోంచి తీసిన ఫొటోలు చూసి గీశారట. ఆకాశంలోంచి చూస్తే మా కప్పులూ ద్రాక్ష తీగలూ కనపడతాయి. తందూరూ రంపమూ కుట్టుమిషనూ కనపడవు. కానీ పసుపు రంగుకి ఇంకో కారణం కూడా ఉందని హోషిమ్ అకా గొంతు తగ్గించి చెప్పాడు. మా సందులోంచే ఒక ఉత్తరం వెళ్ళింది. ఇళ్ళ మధ్య పొగ వచ్చే పనులు ఆపించమని.

ఎవరు రాశారో అడగక్కర్లేదు. మా వెనక గోడకి ఆనుకున్న ఇంట్లో ఓయ్‌దిన్ ఉంటుంది. మూడేళ్ళ కిందట ఆ ఇల్లు కొనుక్కుని వచ్చారు. భర్త లారీ మీద సరిహద్దులు దాటి వెళ్ళి పదిహేను రోజులకోసారి వస్తాడు. ఐదేళ్ళ పాప, పేరు సబో. పాపకి ఆయాసం. ఓయ్‌దిన్ రెండుసార్లు నా కిటికీ దగ్గరికి వచ్చి, "ఆపా, పొగ మా పడకగదిలోకి వస్తోంది, ఏదైనా చూడరా?" అని మర్యాదగానే అడిగింది. రెండోసారి నేనేమన్నానంటే, "తందూరు ముందొచ్చిందా, నువ్వు ముందొచ్చావా?" అన్నాను. క్యూలో అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె మా రొట్టెలు కొనడం మానేసింది.

లిల్యా పాక్ వచ్చింది ఈ గొడవ మధ్యలోకి, నగర ప్రణాళిక ఆఫీసు నుంచి. ఒక సోమవారం పొద్దున, బూడిదరంగు కోటు, రబ్బరు అడుగుల బూట్లు, చంకలో చుట్టిన కాగితాలు. అరవై ఏళ్ళకి దగ్గరపడిన కొరియా మనిషి. మా ఊళ్ళో వాళ్ళు మూడు తరాలుగా ఉన్నారు, కానీ ఎక్కువమంది రష్యనే మాట్లాడతారు. ఈమెకి మన మాట ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను.

క్యూలో ఉన్న సలోమత్‌తో గట్టిగా అన్నాను: "వచ్చిందమ్మా రంగు పెన్సిళ్ళ రాణి. ఇళ్ళకి పసుపు పూసింది చాలక మొహాలకి పూయడానికి వచ్చినట్టుంది. ఇదిగో చెప్తున్నా, ఆ మొహానికి నేను రొట్టె ముక్క కూడా అమ్మను."

ఆమె నెమ్మదిగా కిటికీ దగ్గరికి వచ్చింది. అచ్చం మా పాతబస్తీ యాసలో, మా అత్తగారు మాట్లాడినట్టే సాగదీస్తూ అంది: "పసుపు పూసింది నేను కాదు ఆపా. దాన్ని చెరపడానికి వీలుందో లేదో చూద్దామని వచ్చాను. రొట్టె అమ్మకపోతే మానెయ్. ఆ స్టూలు కాస్త ఇస్తావా? మోకాళ్ళు పట్టేశాయి."

క్యూ అంతా గొల్లుమంది. తుర్గున్ అయితే తందూరులోకి తల పెట్టి మరీ నవ్వాడు. నేను మొహం కందిపోయి స్టూలు బయటికి అందించాను.

ఆ స్టూలు మీద ఆమె వారం రోజులు కూర్చుంది. ఐదింటికి వచ్చేది, తొమ్మిదింటికి లేచేది. వచ్చిన ప్రతివాళ్ళనీ ఏ ఇంటి నుంచి వచ్చావు, ఎంతసేపు నడిచావు, ఇటునుంచి ఎటు పోతావు అని అడిగి రాసుకునేది. మొదటి రెండు రోజులు నేను మాట్లాడలేదు. మూడో రోజు ఉండబట్టలేకపోయాను.

"ఏం రాస్తున్నారు అంత?"

"ఈ సందు స్వభావం."

"మనిషికి స్వభావం ఉంటుంది గానీ సందుకి స్వభావమేంటండీ?"

"ఎందుకుండదు? పొద్దున ఎవరు ముందు లేస్తారు, ఎవరి తలుపు తెరిచి ఉంటుంది, ఎవరింట్లో ఏ చప్పుడు, పిల్లలు ఎక్కడ ఆడతారు, వాళ్ళని ఎవరి కళ్ళు చూస్తుంటాయి. అదంతా స్వభావమే. ముసాయిదా మీద అభ్యంతరం చెప్పాలంటే మాకిది నచ్చలేదు అంటే సరిపోదు ఆపా. ఇక్కడేముందో, ఏది పోతుందో చూపించాలి. నిన్న మీ కిటికీకి నూట పద్నాలుగు మంది వచ్చారు. అందులో నలభై ఒక్కమంది రొట్టె తీసుకుని పక్కింటికి వెళ్ళారు, ఏదో పని మీద. చెప్పులు కుట్టించుకోవడానికి, కొలతలివ్వడానికి, ఊరికే కూర్చోవడానికి. రోడ్డు అవతలి భవనంలో రొట్టె దొరుకుతుంది. ఈ నలభై ఒకటి దొరకదు."

ఇన్నేళ్ళుగా ఆ కిటికీలోంచి చూస్తున్నాను. నాకెప్పుడూ లెక్కకి రాలేదు. ఆ రోజు ఆమెకి టీ పోసిచ్చాను. ఆ రోజు నుంచే ఆమెను లిల్యా ఆపా అనడం మొదలుపెట్టాను.

కానీ ఆదివారం ఆమె మా కిటికీ దగ్గరికి రాలేదు. చూస్తే ఓయ్‌దిన్ ఇంట్లో కూర్చుని ఉంది. ఆ పైరోజూ అక్కడే. నాకు ఒళ్ళు మండింది. సందులో ఎదురుపడితే అడిగేశాను.

"అటో కాలూ ఇటో కాలూ వేస్తున్నారేంటి ఆపా?"

"దేవుడు రెండు కాళ్ళిచ్చాడుగా," అంది ఆమె, నడక ఆపకుండానే. "ఆ పాప పడకగది కిటికీకి నేనొక తడిగుడ్డ కట్టాను. పొద్దున్నే చూస్తే నల్లగా ఉంది. ఓయ్‌దిన్ అబద్ధం చెప్పడం లేదు."

మంగళవారం మధ్యాహ్నం, తందూరు చల్లారాక, ఆమె మా వాకిట్లోకి వచ్చింది. తుర్గున్ మంచం మీద నడుం వాల్చి ఉన్నాడు. "తుర్గున్ అకా, ఏం కాలుస్తారు ఇందులో?" అని అడిగింది.

ఆయన కంటే ముందు నేనే జవాబిచ్చాను. "పత్తికట్టెలు. మా మామగారి కాలం నుంచీ పత్తికట్టెలే."

ఆమె చీపురుపుల్లతో బూడిద కదిపింది. రెండు మేకులు బయటపడ్డాయి. తర్వాత సగం కాలి ముడుచుకున్న తెల్లటి ప్లాస్టిక్ అంచు ముక్క. బీరువా తలుపుల చివర అంటిస్తారే, అది.

నేనిక్కడ దాచను. రెండు చలికాలాలుగా పత్తికట్టెలు దొరకడం కష్టమైంది. నెమత్ దగ్గర జిగురుతో అతికించిన పలకల ముక్కలు గుట్టలుగా మిగిలిపోయేవి. తీసుకుపోండి, నాకు చెత్త తగ్గుతుంది అన్నాడు. తీసుకుపోయాం. పత్తికట్టె పొగ ముక్కుకి తియ్యగా ఉంటుంది, ఈ పొగ గొంతులో గీరుతుంది. ఆ తేడా నాకు తెలుసు. తెలిసే కిటికీ దగ్గర నిలబడి ఓయ్‌దిన్‌ని ఎగతాళి చేశాను.

లిల్యా ఆపా ఆ ముక్కని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మంచం అంచున కూర్చుంది.

"నేనిది రాయకుండా ఉండలేను," అంది. "ఇది దాచిపెడితే మీ గురించి రాసిన మిగతా మంచంతా ఎవరూ నమ్మరు. నమ్మకూడదు కూడా. ముసాయిదా మీద సభ శుక్రవారం. ఇవాళ మంగళవారం. అక్కడ ఈ మాట ముందు నా కాగితంలోంచి రావాలా, మీ నోట్లోంచి రావాలా అన్నది మీ ఇష్టం. అందుకే ముందే వచ్చి చెప్తున్నాను."

నేను అరిచాను. టీ తాగించినందుకు ఇదా ఫలం అన్నాను. నలుగురిలో మా పరువు తీయడానికేనా వారం రోజులు స్టూలెక్కి కూర్చున్నావు అన్నాను. ఆమె తల వంచుకుని విన్నది. లేచి వెళ్ళిపోయింది.

తుర్గున్ మాటకారి కాదు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే అందులో రెండు ఉప్పు గురించే. ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ అన్నాడు: "ముహబ్బత్, ఆ పిల్ల దగ్గు నాకు వినపడుతూనే ఉంది. గోడ అవతలే కదా. తందూరు హోరులో వినపడట్లేదని నాకు నేనే చెప్పుకుంటున్నాను."

ఆ తర్వాత మా ఇంట్లో పలక ముక్క ఒకటి కూడా కాల్చలేదు. రెండు రోజులు కిటికీ మూసేశాం. నడుం నొప్పి అని చెప్పాం జనానికి.

శుక్రవారం నమాజు అయ్యాక సభ. చాయ్‌ఖానా వాకిలి నిండిపోయింది. ఆఫీసు నుంచి లిల్యా ఆపాతో పాటు ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్ళలో కుర్రగా ఉన్న అధికారి సభ నడిపాడు. లిల్యా ఆపా లేచి తను చూసినదంతా చెప్పింది. ఏ ఇంట్లో ఏ పని, దానికి ఎవరొస్తారు, ఎన్ని అడుగుల్లో ఏం దొరుకుతుంది. మా సందు గురించి ఒక పరాయి మనిషి నోటి వెంట వింటుంటే, పెళ్ళిచూపుల్లో మన పిల్ల గురించి ఎవరో మంచి చెప్తున్నట్టు అందరూ నిటారుగా కూర్చున్నారు.

"అంతా బాగానే ఉంది," అన్నాడు అధికారి. "మరి పొగ సంగతి? ఫిర్యాదు ఉంది కదా."

లిల్యా ఆపా కాగితాలు తిప్పింది. నా వైపు చూడలేదు. కాగితాలు తిప్పుతూనే ఉంది. అన్ని కాగితాలు ఆమె దగ్గర లేవని నాకు తెలుసు. నాకోసం సమయం తీసుకుంటోంది.

నేను లేచాను. అంత నోరున్న మనిషిని, మొదటి మాట బయటికి రావడానికి మూడుసార్లు గొంతు సవరించుకున్నాను.

"పొగ మాదే," అన్నాను. "పత్తికట్టెల పొగ కాదు. జిగురు పలకలు కాల్చాం, రెండు చలికాలాలు. తెలిసే కాల్చాం. ఓయ్‌దిన్ అడిగితే ఎగతాళి చేశాను. ఆ పిల్ల దగ్గులో మా పాపం ఉంది. ఇంతే నేను చెప్పేది."

వెనక నుంచి నెమత్ గొణిగాడు: "నీ పాపం నువ్వు కడుక్కో ఆపా, నన్నెందుకు లాగుతావు మధ్యలోకి?"

"నీ పేరు నేనెత్తలేదు నెమత్. నువ్వే ఎత్తుకున్నావు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఆడవాళ్ళ వైపు నుంచి ఓయ్‌దిన్ లేచింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఏమన్నా పడాలి, పడతాను అనుకుని తల వంచుకున్నాను.

"నేను పొగ వద్దని రాశాను," అంది ఓయ్‌దిన్. "రొట్టెలు వద్దని రాయలేదు. ఆ పటంలో నా ఉత్తరానికి ఇంత అర్థం తీస్తారని నాకు తెలీదు. మొన్న జనవరిలో పాపకి ఊపిరి ఆడలేదు. మా ఆయన ఊళ్ళో లేడు. తెల్లవారుజామున పిల్లని ఎత్తుకుని సందులోకి పరిగెత్తాను. సందు మొత్తంలో వెలుగున్నది ఆ ఒక్క కిటికీలోనే. తుర్గున్ అకా తందూరులో రొట్టెలు వదిలేసి, పిండి చేతులతోనే కారు తీశారు. ఆ రోజు రొట్టెలన్నీ మాడిపోయాయి. నాకు ఈ ఆపా మీద కోపం లేదని కాదు. ఉంది. కానీ పొద్దున ఐదింటికి ఎవరూ మేలుకుని ఉండని సందు నాకొద్దు."

ఈ సంగతి తుర్గున్ నాకు చెప్పలేదు. ఆ జనవరిలో నేను మా చెల్లెలి కాన్పుకి ఫర్గానా వెళ్ళాను. రొట్టెలు మాడిపోయాయటగా అని ఫోన్లో అడిగితే, కునుకు పట్టింది అన్నాడు. నేను తిరిగి చూశాను. ఆయన టోపీ సర్దుకుంటూ చెట్టు వైపు చూస్తున్నాడు.

అధికారి పెన్ను కింద పెట్టాడు. "మరి మీకేం కావాలి?" అని అడిగాడు. ఈసారి నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు ఉంది.

అప్పుడు లిల్యా ఆపా తన పటం విప్పింది. అందులో రంగుల్లేవు. ప్రతి ఇంటి మీదా చేత్తో రాసిన రెండు మాటలున్నాయి. ఒకటి ఆ ఇంట్లో చేసే పని. రెండోది దాని గురించి పక్కింటివాళ్ళు చెప్పిన మాట. "మిషను చప్పుడు పర్లేదు, రాత్రి తొమ్మిది దాటితే ఒప్పుకోం." "లెక్కల క్లాసు మంచిదే, పిల్లల సైకిళ్ళు మా గుమ్మానికి అడ్డం." వారమంతా స్టూలు మీద కూర్చున్న మనిషి మధ్యాహ్నాలు ఎక్కడికి పోయేదో అప్పుడు తెలిసింది.

సాయంత్రం దాకా బేరాలు సాగాయి. సందు లోపల రెండంతస్తులకి మించి కట్టకూడదు, వాకిళ్ళు పూడ్చకూడదు. సూదీ దారం, కత్తెర, పలకా బలపం లాంటి పనులు ఇళ్ళలోనే ఉండొచ్చు, ఇరుపక్కలవాళ్ళు ఒప్పుకుంటే. నిప్పూ రంపమూ మాత్రం సందు మొగలోకి, రోడ్డు వైపుకి వచ్చేయాలి. అక్కడ పదహారు కాదు, నాలుగు అంతస్తులు. కింద దుకాణాలు, పైన కాపురాలు. సందులోకి దారి మూసుకుపోకుండా మధ్యలో ఖాళీ. ఎండ పడే వైపు బెంచీలు కావాలని ముసలాళ్ళు పట్టుబట్టారు. నెమత్ ముప్పావుగంట వాదించి, చివరికి కింద రెండు గదుల చోటు సంపాదించుకుని ఊరుకున్నాడు.

అందరికీ మేలే జరిగిందని చెప్పను. రోడ్డు వైపు నాలుగిళ్ళ వాళ్ళు వాకిళ్ళు వదులుకుని మేడమీది గదుల్లోకి మారాలి. ముగ్గురు ఒప్పుకున్నారు. మంగలి షొముహమ్మద్ అకా ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళ దానిమ్మ చెట్టుంది ఆయన వాకిట్లో. లిల్యా ఆపా ఆయన దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు. చివరికి ఆయన చిర్చిక్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు లిల్యా ఆపా వచ్చి సామాను కట్టడంలో సాయం చేసింది. ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఆమె సందు చివర పిల్లకాలువ గట్టు మీద చాలాసేపు కూర్చుంది. నేను టీ తీసుకెళ్ళాను. పక్కన కూర్చున్నాను, అంతే.

కాగితం ఆమోదం పొందడానికి పది నెలలు పట్టింది. ఈ బల్ల మీద నుంచి ఆ బల్ల మీదకి పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ పోయింది. ప్రతిసారీ ఆమె కొత్త ప్రశ్నలతో వచ్చేది, మేం జవాబులు వెతికేవాళ్ళం. ఓయ్‌దిన్ లెక్కలన్నీ కంప్యూటర్లో ఎక్కించి ఇచ్చేది. అలా ఆమె మా ఇంటికి వచ్చేది, నేను వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు. ఒకరోజు సబోని నా దగ్గర వదిలి బజారుకి వెళ్ళింది. అంతకంటే నాకేం కావాలి?

చలికాలం చివర్లో హోషిమ్ అకా చాయ్‌ఖానాలో తుది కాగితం చదివి వినిపించాడు. అందులో ఒక వాక్యం నాకు కంఠతా వచ్చు. "ఇల్లూ పనీ ఒకే గడపలో ఉండటం, పనిచేసే చేతులు ఇరుగుపొరుగును కనిపెట్టి ఉండటం ఈ మహల్లా స్వభావం, కొత్తగా కట్టేది ఏదైనా దీనికి లోబడి ఉండాలి." సర్కారు కాగితంలో అలాంటి మాట ఉంటుందని నేను అనుకోలేదు. మళ్ళీ చదవమన్నాను. హోషిమ్ అకా విసుక్కుంటూ చదివాడు, రెండోసారి ఆయన గొంతే బొంగురుపోయింది.

పాత తందూరును తుర్గున్ తనే పగలగొట్టాడు. కూలీలని పిలుద్దామంటే వద్దన్నాడు. లోపలి మట్టి ఇటుకలా గట్టిపడి ఎర్రగా మెరుస్తోంది. వాళ్ళ నాన్న వేళ్ళ గుర్తులు ఒకచోట కనపడితే గునపం పక్కన పెట్టి కూర్చున్నాడు. గోడ అవతలి నుంచి ఓయ్‌దిన్ వచ్చి, ఏమీ అడగకుండా పెళ్ళలు ఏరి మూలన పేర్చడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆయన లేచి మళ్ళీ గునపం అందుకున్నాడు.

సందు మొగలో కొత్త దుకాణం తెరిచాం. గ్యాసు తందూరు, నాలుగంతస్తుల పైకి పోయే పొగగొట్టం. మొదటి నెల రొట్టెలు సరిగ్గా రాలేదు, అడుగున పచ్చిగా ఉండేవి. క్యూలో జనం నన్ను పట్టుకుని ఆడించారు. ఇన్నేళ్ళు నేనన్న మాటలన్నీ తిరిగి ఇచ్చారు. తర్వాత చెయ్యి కుదిరింది. సబోకి ఆయాసం పూర్తిగా పోలేదు, డాక్టరు కూడా అలా చెప్పలేదు. కానీ పోయిన చలికాలం ఆస్పత్రి గడప తొక్కలేదు.

కిందటి శరదృతువులో లిల్యా ఆపా ఉద్యోగ విరమణ చేసింది. మాకు ఎవరూ చెప్పలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే తెలిసింది. ఆదివారం నేనూ తుర్గున్ చిలాన్‌జార్‌లో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. నాలుగో అంతస్తులో చిన్న ఫ్లాటు. ఆమె, ఆమె చెల్లెలు ఉంటారు. మమ్మల్ని చూసి తెల్లబోయింది.

"ఏమైంది? కాగితం మార్చేశారా?"

"ఏమీ కాలేదు ఆపా. ఊరికే వచ్చాం."

"ఊరికేనా?" అంది, నమ్మనట్టు. తర్వాత నవ్వింది. అన్నం, కారం క్యారట్ పచ్చడి, సోయా పులుసు పెట్టింది. తుర్గున్ పచ్చడి కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే మూడుసార్లు వడ్డించుకున్నాడు.

నేను చెప్పాలనుకున్నది దారంతా కూర్చుకుంటూ వచ్చాను. తీరా నోరు తెరిస్తే అంతా చెదిరిపోయింది. "మీరు ఆ మంగళవారం మా వాకిట్లోకి రాకపోతే, తిన్నగా శుక్రవారం కాగితం చదివేసి ఉంటే, రొట్టెల పని మిగిలేదేమో ఆపా, నేను మిగిలేదాన్ని కాదు. ఆ సందులో తలెత్తుకుని తిరిగేదాన్ని కాదు," అన్నాను.

ఆమె నా గిన్నెలో ఇంకాస్త పులుసు పోసింది.

"ముప్పై నాలుగేళ్ళు సభలు నడిపాను ముహబ్బత్," అంది. "అవతలివాడి తప్పు చెప్పడానికి లేచినవాళ్ళని వందల మందిని చూశాను. తన తప్పు తను చెప్పడానికి లేచిన మనిషిని ఆ ఒక్కసారే చూశాను. ఆ అధికారి పెన్ను కింద పెట్టింది నా లెక్కలు చూసి కాదు. వయసులో ఉన్నప్పుడు నేనూ పసుపు రంగులు పూసినదాన్నే. కాగితం మీద గీత గీసి ఒక వీధి వీధినే లేకుండా చేశాను. అది సరైన పనే అనుకున్నాను అప్పుడు. చివర్లో మీ సందు దొరికింది నాకు. మీకు నేను రుణపడి ఉన్నానో, నాకు మీరు రుణపడి ఉన్నారో నాకు తెలీదు. వదిలెయ్, తిను."

భోజనం అయ్యాక తుర్గున్ చేతులెత్తాడు. మా అలవాటు ప్రకారం అన్నం పెట్టిన ఇంటిని చల్లగా చూడమని దువా చెయ్యాలి. రోజూ చేసేది మూడు మాటల్లో ముగుస్తుంది. ఆ రోజు ఆయన ఆపలేదు. ఈ ఇంట్లో బరకత్, సమృద్ధి ఉండాలన్నాడు, అక్కచెల్లెళ్ళ ఆరోగ్యం బాగుండాలన్నాడు, మోకాళ్ళ నొప్పులు తగ్గాలన్నాడు, షొముహమ్మద్ అకాకి చిర్చిక్‌లో కొత్త చెట్టు కాయాలన్నాడు. కాగితం మీద ఇళ్ళ మధ్య మనుషులని చూసిన ఈ కళ్ళు చల్లగా ఉండాలన్నాడు. పెళ్ళయి ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన ఒక్క ఊపిరిలో అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. లిల్యా ఆపా కూడా అరచేతులు చాచి విన్నది. అందరం ఆమీన్ అని మొహాలు తుడుచుకున్నాం. ఆమె మొహం మీద చేతులు కాస్త ఎక్కువసేపే ఉంచుకుంది.

బయల్దేరేటప్పుడు పచ్చడి సీసా ఒకటి తుర్గున్ చేతిలో పెట్టింది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. నాలుగంతస్తులు దిగి వచ్చాం. కింద వాకిట్లో పిల్లలు బంతి ఆడుతున్నారు, ఒక ముసలావిడ మొదటి అంతస్తు కిటికీలోంచి వాళ్ళని గదమాయిస్తోంది. తుర్గున్ ఆగి కాసేపు చూశాడు. బస్సులో సీసాని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు, ఇల్లు చేరేదాకా.